పీడనపు గదిలో పనిచేసేవారి కళ్ళు

హైపర్‌బారిక్ ఛాంబర్ అంటే మనుషులు లోపల ఉండగానే తలుపు బిగించి, గాలి ఎక్కించి పీడనం పెంచే గది. బయట ఉండే గాలి పీడనం సముద్రమట్టం దగ్గర 1 అట్మాస్ఫియర్. చికిత్స జరిగేటప్పుడు ఛాంబర్ లోపల అది సాధారణంగా 2 నుంచి 2.5 అట్మాస్ఫియర్ల దాకా ఉంటుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ ఇంచుమించు ఒక అట్మాస్ఫియర్ పెరుగుతుంది కాబట్టి, 2.4 దగ్గర ఉన్న గదిలో కూర్చోవడమంటే 14 మీటర్ల నీటి అడుగున ఉన్నట్టు లెక్క. ఆ పీడనంలో రోగి మాస్కుతోనో, తలంతా కప్పే పారదర్శకమైన హుడ్‌తోనో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలుస్తాడు. ఎంతకూ మానని మధుమేహపు పుండ్లకు, రేడియేషన్ వల్ల దెబ్బతిన్న కణజాలానికి, కార్బన్ మోనాక్సైడ్ పొగ పీల్చినవారికి, నీటి అడుగు నుంచి వచ్చాక జబ్బుపడిన డైవర్లకు ఈ చికిత్స ఇస్తారు.

ఒక్క మనిషి మాత్రమే పడుకునే చిన్న ఛాంబర్ అయితే సిబ్బంది బయటే ఉంటారు. పలువురు కూర్చునే పెద్ద ఛాంబర్‌లో మాత్రం రోగులతోపాటు ఒక నర్సో టెక్నీషియనో తప్పనిసరిగా లోపలికి వెళ్తారు. వీరిని లోపలి అటెండెంట్ అంటారు. రోగి ముప్పయ్యో నలభయ్యో సార్లు వచ్చి, పుండు మానాక వెళ్ళిపోతాడు. అటెండెంట్ ఏళ్ళ తరబడి లోపలికి వెళ్ళి వస్తూనే ఉంటాడు. కళ్ళ విషయంలో రోగిని జాగ్రత్తగానే చూస్తారు: చికిత్స మొదలుపెట్టేముందు చూపు పరీక్షిస్తారు, కంటి ఆపరేషన్లేమైనా జరిగాయా అని అడుగుతారు. అదే ప్రశ్న రోజూ ఆ గదిలోకి వెళ్ళే ఉద్యోగికి కూడా వేయాలన్న ఆలోచన అంత త్వరగా రాదు.

ముందుగా ఒక భయం తీర్చుకోవాలి. పీడనం దానంతట అదే కనుగుడ్డును నలపదు. ఆరోగ్యమైన కంట్లో గాలి ఉండదు. ముందుభాగంలో పలచని ద్రవం, వెనకభాగంలో విట్రియస్ అనే జెల్లీ, మధ్యలో కటకం. ద్రవాలు పీడనానికి దాదాపు కుంచించుకుపోవు. కంటి లోపలి ఒత్తిడి 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం అని వైద్యులు చెప్పే లెక్క బయటి గాలి కంటే ఎంత ఎక్కువన్నది. ఛాంబర్‌లో బయటి పీడనం 760 నుంచి 1,800 మిల్లీమీటర్లు దాటినా, ఆ పెరుగుదల శరీరమంతటా, కంటి లోపలా వెలుపలా ఒకేలా పరచుకుంటుంది కాబట్టి ఆ తేడా మారదు. అందువల్ల నీటికాసుల జబ్బు ఉన్న నర్సు కూడా, కేవలం పీడనం పేరు చెప్పి ఛాంబర్ పనికి దూరం కావలసిన అవసరం లేదు. ప్రమాదం వచ్చేది వేరే దారుల్లో. కంట్లోనో కంటి చుట్టూనో చిక్కుకుపోయిన గాలి వల్ల రావచ్చు, అతిగా అందిన ఆక్సిజన్ వల్ల రావచ్చు, పైకి వచ్చేటప్పుడు, అంటే పీడనం తగ్గించేటప్పుడు, రక్తంలో పుట్టే బుడగల వల్ల రావచ్చు. ఇవేవీ కాకుండా, గదిలో ఉన్న గాజు, మందులు, నిప్పు వల్ల కూడా రావచ్చు.

కంట్లో చిక్కిన గాలి

పీడనం మారినప్పుడు కంట్లో బుడగ కనబడగలదని మొదట రాసిపెట్టినవాడు రాబర్ట్ బాయిల్. పీడనం రెట్టింపయితే వాయువు పరిమాణం సగమవుతుందన్న సూత్రాన్ని 1662లో ప్రచురించిన శాస్త్రవేత్త ఆయనే. 1670లో ఆయన ఒక పామును గాజు పాత్రలో పెట్టి గాలి తోడేశాడు. పీడనం తగ్గాక దాని కంటి ద్రవంలో ఒక బుడగ అటూ ఇటూ కదలడం చూశాడు. పీడనం తగ్గినప్పుడు ఒంట్లో బుడగలు పుట్టి వచ్చే డీకంప్రెషన్ జబ్బు గురించిన చరిత్రలు చాలావరకు ఆ పాముతోనే మొదలవుతాయి.

నేటి ఆసుపత్రుల్లో మనిషి కంట్లోకి గాలి వెళ్ళేది శస్త్రవైద్యుడి చేతుల మీదుగా. రెటీనా ఊడినప్పుడు దాన్ని తిరిగి గోడకు అదిమి ఉంచడానికి కంట్లోకి వాయువు ఎక్కిస్తారు. మామూలు గాలి అయితే వారం రోజుల్లో కరిగిపోతుంది. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ సుమారు రెండు వారాలు ఉంటుంది. పెర్‌ఫ్లోరోప్రొపేన్ ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా కంట్లోనే ఉండవచ్చు. ఈ వారాల్లో ఆ మనిషి ఛాంబర్‌లోకి అడుగు పెడితే ఏమవుతుందో లెక్క వేసి చూడవచ్చు. కంట్లో 3 మిల్లీలీటర్ల వాయువు ఉందనుకుందాం. 2.4 అట్మాస్ఫియర్ల దగ్గర అది 1.25 మిల్లీలీటర్లకు తగ్గుతుంది. కనుగుడ్డు మొత్తం ఆరున్నర మిల్లీలీటర్లే. అందులో నాలుగో వంతుకు పైగా ఉన్నట్టుండి ఖాళీ అయితే కన్ను మెత్తబడి ముడుచుకుంటుంది, నొప్పి పుడుతుంది, అతికిస్తున్న రెటీనా మళ్ళీ ఊడవచ్చు.

అసలు ముప్పు పైకి వచ్చేటప్పుడు ఉంది. కన్ను నిమిషానికి రెండు నుంచి మూడు మైక్రోలీటర్ల ద్రవాన్ని తయారుచేస్తూనే ఉంటుంది. గంటన్నర సెషన్‌లో ఆ ఖాళీలోకి అలా కొంత ద్రవం చేరుతుంది. ఆ తరువాత పీడనం తగ్గించగానే వాయువు తన పాత 3 మిల్లీలీటర్ల స్థలాన్ని తిరిగి కోరుతుంది. అప్పటికి ఆ స్థలంలో కొంత భాగం ద్రవంతో నిండిపోయి ఉంటుంది. కంటి లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి, రెటీనాకు రక్తం తెచ్చే ప్రధాన ధమని మూసుకుపోవచ్చు. ఆ ధమని మూసుకున్న కొన్ని గంటల్లోనే చూపు తిరిగిరానంతగా పోతుంది. ఛాంబర్ పని చేసే ఉద్యోగికి కంట్లో వాయువు ఉన్నన్నాళ్ళూ లోపలి విధి పూర్తిగా నిషిద్ధం. ఈ విషయంలో సడలింపు ఏమీ లేదు. విమాన ప్రయాణం, నైట్రస్ ఆక్సైడ్ మత్తు కూడా ఆ రోజుల్లో నిషిద్ధమే, కారణం ఇలాంటిదే.

మిగతా కంటి ఆపరేషన్లది అంత పేచీ లేని సంగతి. సముద్రంలో దిగే డైవర్ల కోసం అమెరికా నౌకాదళపు కంటి వైద్యుడు ఫ్రాంక్ బట్లర్ 1995లో రాసిన సమీక్ష వ్యాసం ఇప్పటికీ ఈ రంగంలో పునాది. నీళ్ళలోని క్రిములూ, ముఖానికి అంటుకునే డైవింగ్ మాస్కూ కలిసి గాయానికి హాని చేస్తాయి కాబట్టి డైవర్లకు ఎక్కువ విరామం కావాలి. పొడి ఛాంబర్‌లో ఆ రెండూ లేవు. కాబట్టి శుక్లం ఆపరేషనో లేజర్ సర్జరీనో అయిన అటెండెంట్ విషయంలో గాయం మానిందా, కంట్లో గాలి బుడగ ఏదీ మిగలలేదా అన్నదే ముఖ్యం. వేరొక పాత ప్రమాదం కూడా ఉంది: కన్ను తీసేసినచోట కృత్రిమ కంటికి ఆధారంగా అమర్చే బోలు గోళాలు. లోపల గాలి ఉన్న గోళం పీడనానికి నలిగిపోవచ్చు. రంధ్రాలతో ఉండి, కణజాలం లోపలికి పెరిగే కొత్తరకం గోళాలకు ఈ బెడద లేదు.

లెన్సులు, కళ్ళజోళ్ళు, చెవులు

కంటి బయట గాలి చిక్కుకోవడానికి మొదటి చోటు కాంటాక్ట్ లెన్స్ కింద. మెత్తని లెన్సులు గాలిని చక్కగా పోనిస్తాయి కాబట్టి ఇబ్బంది పెట్టవు. పాతకాలపు గట్టి లెన్సులు అలా కాదు. అమెరికా నౌకాదళ పరిశోధకులు 1970ల చివర్లో ఛాంబర్‌లోకి గట్టి లెన్సులతో వెళ్ళినవారిని పరీక్షించారు. పైకి వచ్చేటప్పుడు లెన్స్‌కీ కార్నియాకీ మధ్య కన్నీటి పొరలో బుడగలు ఏర్పడి, కార్నియా మీద ఉబ్బు వచ్చి, చూపు మసకబారి, దీపాల చుట్టూ వలయాలు కనబడ్డాయి. లెన్స్ మధ్యలో సన్నని రంధ్రం ఉంటే బుడగలు కట్టలేదు. ఇప్పుడు గట్టి లెన్సులు చాలామటుకు ఆక్సిజన్‌ను పోనిచ్చే రకాలే అయినా, అటెండెంట్ కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళడమే సుఖం. కళ్ళజోడుతో వచ్చే ఇబ్బంది ఒక్కటే. పీడనం తగ్గేటప్పుడు గాలి చల్లబడి గదంతా మంచు పట్టినట్టవుతుంది, అద్దాలు మసకబారతాయి. ఆ కొద్ది నిమిషాలు సూది చేతిలో పట్టుకుని ఉండకపోవడం మంచిది.

రక్తమో చీమో చిమ్మే పుండ్లు శుభ్రం చేసేటప్పుడు కంటి రక్షణ కావాలి. అందుకు ఈత కళ్ళజోడు లాగా ముఖానికి బిగుతుగా అతుక్కునే గాగుల్స్ వాడితే కొత్త చిక్కు వస్తుంది. గది పీడనం పెరిగినా గాగుల్స్ లోపల చిక్కిన గాలి పీడనం దానితోపాటు పెరగదు. తేడా పెరిగేకొద్దీ కంటి చుట్టూ ఉన్న చర్మం, తెల్లగుడ్డు పైపొర లోపలికి పీల్చినట్టవుతాయి. రక్తనాళాలు చిట్లి కన్ను ఎర్రబడుతుంది. డైవర్లకు ఇది బాగా తెలిసిన అనుభవం. ముక్కు కూడా కప్పే మాస్కు ఉన్న డైవర్ ముక్కుతో కొంచెం గాలి వదిలి తేడా తీర్చుకుంటాడు. ఈత గాగుల్స్‌కి ఆ వెసులుబాటు లేదు. పక్కల గాలి రంధ్రాలున్న గాగుల్స్ గానీ, ముఖానికి ఎడంగా వేలాడే ఫేస్‌షీల్డ్ గానీ ఛాంబర్‌కు సరిపోతాయి.

కన్ను ఎర్రబడటానికి చెవులు కూడా కారణం కావచ్చు. పీడనం పెరిగేటప్పుడు చెవి లోపలి ఒత్తిడి సరిచేసుకోవడానికి ముక్కు మూసి గట్టిగా ఊదుతారు. జలుబు చేసి చెవి తెరుచుకోకపోతే మరింత గట్టిగా ఊదుతారు. ఆ ఊపుకు తల సిరల్లో రక్తపు ఒత్తిడి పెరిగి తెల్లగుడ్డు మీద సన్ననాళం చిట్లుతుంది. ఇది చూడ్డానికి భయంగా ఉన్నా రెండు మూడు వారాల్లో తానే మానుతుంది. అరుదుగా అదే ఊపుకు రెటీనా మీద రక్తం చిమ్మితే, చూపు మధ్యలో నల్లని మచ్చ కనబడుతుంది. మచ్చ కనబడితే మాత్రం వెంటనే కంటి వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. జలుబు చేసిన రోజు అటెండెంట్‌ను లోపలికి పంపకూడదన్న నియమం చెవుల కోసమే పెట్టినా, అది కళ్ళను కూడా కాపాడుతుంది.

ఆక్సిజన్ చేసే పని

రోగుల్లో కంటికి సంబంధించి అతి ఎక్కువగా కనబడే మార్పు దగ్గరచూపు, అంటే దూరపు వస్తువులు మసకబారడం. ఇరవై ముప్పై సెషన్ల తరువాత దూరాన బస్సు బోర్డు చదవలేకపోవడం, అదే సమయంలో నలభై ఐదు దాటినవారికి చదువు కళ్ళజోడు లేకుండానే పత్రిక చదవగలగడం జరుగుతుంది. మార్పు సుమారుగా వారానికి పావు డయాప్టర్ వంతున సాగుతుంది. కటకం మధ్యభాగంలో కాంతిని వంచే గుణం మారడమే దీనికి కారణమని భావిస్తారు. చికిత్స ఆపాక కొన్ని వారాలనుంచి కొన్ని నెలల్లో చాలామందికి చూపు తిరిగి మొదటికి వస్తుంది. కాబట్టి ఆ మధ్యకాలంలో కొత్త కళ్ళజోడు కొనడం డబ్బు దండగ.

కంటికి ఆక్సిజన్ ఏ దారిన అందుతుందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. 2004లో నార్వే పరిశోధకులు మాస్కుతో పీల్చినవారినీ, హుడ్‌తో పీల్చినవారినీ పోల్చారు. హుడ్ వాడినవారిలో మార్పు ఎక్కువగా కనబడింది. హుడ్‌లో కన్ను నేరుగా ఆక్సిజన్‌లో మునిగి ఉంటుంది, కార్నియా ద్వారా అది లోపలికి ఇంకుతుంది. రక్తం మీదుగా వచ్చేది దానికి అదనం.

శుక్లం సంగతి ఇంత తేలికగా తీసిపారేయదగింది కాదు. స్వీడన్‌లో దీర్ఘకాలం ఈ చికిత్స తీసుకున్న 25 మంది కళ్ళను పరిశీలించి 1984లో ఒక నివేదిక ప్రచురించారు. వారు 2 నుంచి 2.5 అట్మాస్ఫియర్ల దగ్గర 150 నుంచి 850 సెషన్ల దాకా తీసుకున్నవారు. మొదట కటకం స్వచ్ఛంగా ఉన్న 15 మందిలో 7 మందికి చూపు తగ్గించేంతగా శుక్లం వచ్చింది. 850 సెషన్లంటే మామూలు రోగి ఎప్పుడూ చేరని సంఖ్య. కటకం కేంద్రంలో సహజంగా ఆక్సిజన్ చాలా తక్కువ. అక్కడి మాంసకృత్తులు అలా తక్కువ ఆక్సిజన్‌లోనే పారదర్శకంగా నిలుస్తాయి. ఎక్కువైతే అవి ఆక్సీకరణానికి లోనై మబ్బుపడతాయి.

ఇక అటెండెంట్ సంగతి. ఏళ్ళ తరబడి లోపలికి వెళ్ళే ఉద్యోగి సెషన్ల సంఖ్య చూస్తే ఆ స్వీడన్ లెక్క భయపెడుతుంది. కానీ సెషన్లతోపాటు పీల్చేదేమిటో కూడా చూడాలి. రోగి 2.4 అట్మాస్ఫియర్ల దగ్గర అంతే పీడనంతో ఆక్సిజన్ పీలుస్తాడు. అటెండెంట్ పీల్చేది గదిలోని గాలి. అందులో ఆక్సిజన్ వాటా 21 శాతమే, 2.4ను దానితో గుణిస్తే సుమారు 0.5. అంటే రోగికి అందేదానిలో ఐదో వంతు. చివర్లో పైకి వచ్చేముందు కొద్దిసేపు మాస్కుతో ఆక్సిజన్ పీల్చడం మాత్రం ఉంటుంది. ఈ లెక్క ప్రకారం సాధారణ అటెండెంట్‌కు రోగి స్థాయి దగ్గరచూపు వస్తుందని భయపడక్కర్లేదు. అయితే 1.3 అట్మాస్ఫియర్ల దగ్గర ఆక్సిజన్ రోజూ గంటల తరబడి పీల్చిన ఒక డైవర్‌కు అదే మార్పు వచ్చినట్టు 1999లో నివేదించారు. కాబట్టి గాలి మాత్రమే పీల్చే అటెండెంట్‌నూ, రోజుకు ఒకటికి మించి సెషన్లు చేస్తూ ప్రతిసారీ ఆక్సిజన్ పీల్చే అటెండెంట్‌నూ ఒకే గాటన కట్టకూడదు. చూపు కొలత ఏడాదికొకసారి రాసిపెడితే చాలు, వాదన అక్కర్లేకుండా విషయం తేలిపోతుంది.

ఆక్సిజన్ మరో రకంగా కూడా కంటి ద్వారానే తన విషాన్ని తెలియజేస్తుంది. మెదడు మీద ఆక్సిజన్ ప్రభావం ఫిట్స్‌గా బయటపడవచ్చు. పాల్ బర్ట్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త 1878లోనే దీన్ని వివరించాడు. ఫిట్స్‌కు ముందు వచ్చే లక్షణాల జాబితాలో చూపు మారడం మొదటివరసలో ఉంటుంది. 1935లో ఆల్బర్ట్ బెంకీ బృందం 3 అట్మాస్ఫియర్ల దగ్గర గంటల తరబడి ఆక్సిజన్ పీల్చినవారిలో చూపు పరిధి చుట్టూ నుంచి కుంచించుకుపోవడం గమనించింది; ఆపాక అది తిరిగొచ్చింది. గతంలో కంటి నరానికి వాపు వచ్చిన ఒక మనిషికి, అదే కంట్లో ఆక్సిజన్ పీల్చేటప్పుడు చూపు తాత్కాలికంగా పోయినట్టు 1969లో రాశారు. అలాంటి చరిత్ర ఉన్న అటెండెంట్ ఆ సంగతి దాచకుండా వైద్యుడికి చెప్పాలి. లోపల ఆక్సిజన్ పీలుస్తున్నవారెవరైనా, రోగి కానీ సిబ్బంది కానీ, చూపు గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉందంటే మాస్కు తీసేయించడమే ముందు పని.

పైకి వచ్చేటప్పుడు

డీకంప్రెషన్ జబ్బు విషయంలో రోగి కంటే అటెండెంట్‌కే ప్రమాదం ఎక్కువ. రోగి శుద్ధమైన ఆక్సిజన్ పీలుస్తాడు, అతని ఒంట్లోకి నత్రజని చేరదు. గాలి పీల్చే అటెండెంట్ ఒంట్లో పీడనం వల్ల అదనపు నత్రజని కరుగుతుంది. పీడనం తొందరగా తగ్గితే అది గోలీసోడా మూత తీసినప్పటిలా బుడగలుగా బయటపడుతుంది. మెదడులోనూ కంటి నరాల్లోనూ బుడగలు చేరితే ఒకటి రెండుగా కనబడటం, చూపులో ఒకచోట నల్లని మచ్చ, కళ్ళు ఆగకుండా కదలడం, ఒక పక్క చూపు పోవడం వంటివి కలుగుతాయి. డైవర్లకు చేసే ఒక ప్రసిద్ధ చికిత్సా పట్టిక 2.8 అట్మాస్ఫియర్ల దగ్గర మొదలై మొత్తం 4 గంటల 45 నిమిషాలు పడుతుంది; అంతసేపూ లోపలే ఉండే అటెండెంట్ చివర్లో ఆక్సిజన్ పీల్చి నత్రజనిని వదిలించుకోకపోతే ప్రమాదం పెరుగుతుంది. ఆ తరువాత కొంతకాలం విమానం ఎక్కకూడదన్న నియమం కూడా అందుకే. చూపులో ఏ మార్పు కనబడినా అలసట అని సరిపెట్టుకోకూడదు, మళ్ళీ పీడనంలోకి తీసుకెళ్ళి చికిత్స చేయాలి.

దీర్ఘకాలంలో రెటీనాకు హాని జరుగుతుందా అన్న ప్రశ్న 1988లో బలంగా ముందుకు వచ్చింది. బ్రిటన్‌లో 84 మంది డైవర్లకు రంగు ఎక్కించి రెటీనా ఫొటోలు తీస్తే, డైవింగ్ చేయనివారికంటే ఎక్కువ మార్పులు కనబడ్డాయి. ఆ వార్త అప్పట్లో చాలామందిని కలవరపెట్టింది. నాలుగేళ్ళ తరువాత జాగ్రత్తగా డైవ్ చేసే సరదా డైవర్లను పరీక్షించిన మరో బ్రిటిష్ అధ్యయనంలో అలాంటి తేడా కనబడలేదు. పీడనానికి వెళ్ళడం తప్పు కాదు, తొందరగా తిరిగి రావడమే తప్పు అన్న సూచన దీన్నిబట్టి దొరుకుతుంది. నియమాలు పాటించే అటెండెంట్‌కు ఇది ఊరటనిచ్చే విషయం.

గదిలో ఉన్న గాజు, ద్రవం, నిప్పు

సూక్ష్మమైన శరీరశాస్త్రం కంటే తరచుగా కంటికి దెబ్బ తగిలించగలవి మామూలు వస్తువులే. మూత బిగించిన గాజు వయల్, సీలు వేసిన ఆంపుల్, గాజు సెలైన్ సీసా, పాదరసపు థర్మామీటర్, ఇవన్నీ ఒక పీడనంలో మూసి మరో పీడనంలోకి తెచ్చినవే. లోపల తెరిచి మూసిన వయల్ పైకి వచ్చేటప్పుడు ఒత్తిడి పెంచుకుని రబ్బరు మూతను ఎగరగొట్టవచ్చు, లేదా సూది గుచ్చినప్పుడు మందును ముఖం మీదికి చిమ్మవచ్చు. అందుకే వయల్‌లోకి సూది గుచ్చి గాలి పీడనం సమం చేయడం నర్సులకు మొదట నేర్పే పని. సాధ్యమైనంతవరకు గాజుకు బదులు ప్లాస్టిక్ సంచుల సెలైన్ వాడాలి. రోగి శ్వాసనాళంలో పెట్టే ట్యూబు చుట్టూ ఉబ్బే కఫ్‌లో గాలికి బదులు నీరు నింపడం కూడా ఈ ఆలోచన నుంచి వచ్చిందే.

కంట్లో మందో క్రిమినాశకమో పడితే బయట పరుగెత్తి కుళాయి కింద పెట్టుకోవచ్చు. ఛాంబర్‌లో ఆ అవకాశం లేదు. ఒక చదరపు మీటరు తలుపు మీద 1.4 అట్మాస్ఫియర్ల తేడా అంటే 14 టన్నుల బరువు; లోపల పీడనం ఉండగా ఆ తలుపు ఎవరూ తెరవలేరు. తొందరపెట్టి పీడనం దించితే అదనంగా నత్రజని బుడగల భయం. కాబట్టి కన్ను కడుక్కునే సెలైన్ ప్లాస్టిక్ సీసా లోపలే, చేతికి అందేచోట ఉండాలి. కనీసం పదిహేను నిమిషాలు కడగడానికి సరిపడే ద్రవం ఉండాలి. దాన్ని వెతుక్కునే పరిస్థితి వస్తే లేనట్టే.

బయట నిలబడి ఛాంబర్ నడిపే ఆపరేటర్‌కూ తనదైన ప్రమాదం ఉంది. అక్రిలిక్ కిటికీ 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్నదైతే 2.4 అట్మాస్ఫియర్ల దగ్గర దాని మీద దాదాపు ఒక టన్ను బరువు నిలుస్తుంది. అక్రిలిక్‌ను స్పిరిట్‌తోనూ కరిగించే ద్రవాలతోనూ తుడిస్తే పైపొరలో సన్ననిగీతల పగుళ్ళు పుట్టి, కిటికీ అతని ముఖం ముందే బద్దలయ్యే ప్రమాదం పెరుగుతుంది. అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం వారి ప్రమాణం మామూలుగా ఇలాంటి కిటికీకి పదేళ్ళ ఆయుష్షు నిర్ణయించింది. ఆసుపత్రిలో అంతటా స్పిరిట్ దూదితో తుడవడం అలవాటైన సిబ్బంది కిటికీని కూడా అలాగే తుడిస్తే ఏమవుతుందో గోడ మీద రాసి పెట్టడం అవసరం.

అన్నిటికంటే ఘోరమైనది అగ్నిప్రమాదం. 1923 నుంచి 1996 దాకా ప్రపంచవ్యాప్తంగా జరిగిన 35 ఛాంబర్ అగ్నిప్రమాదాల్లో 77 మంది మరణించినట్టు 1997లో ఒక సమీక్ష లెక్కగట్టింది. అదే ఏడాది అక్టోబర్ 31న ఇటలీలోని మిలన్ నగరంలో పెద్ద ఛాంబర్‌లో మంటలు లేచి 11 మంది చనిపోయారు. చేతులు వెచ్చబెట్టుకునే చిన్న పరికరం లోపలికి చేరడమే కారణమని చెబుతారు. పెద్ద ఛాంబర్‌లో ఆక్సిజన్ 23.5 శాతం దాటకుండా చూడాలన్న నియమం, మాస్కు కారడం వల్ల గదిలోకి ఆక్సిజన్ చేరడాన్ని గమనించడం నిప్పు విషయంలో చాలా ముఖ్యం. మాస్కు పైఅంచు నుంచి కారే గాలి కంట్లోకి నేరుగా వీస్తే కన్ను ఎండిపోయి మండుతుంది కూడా. కళ్ళ విషయంలో తెలుగు ఇళ్ళలో ఉన్న ఒక అలవాటు ఇక్కడ చెప్పుకోవాలి: ఆముదమో నెయ్యో కలిసిన కాటుక, తలకు పట్టించిన కొబ్బరినూనె. నూనె, గ్రీజు పదార్థాలు ఆక్సిజన్ సమక్షంలో తేలికగా అంటుకుంటాయి కాబట్టి అలంకరణ సామగ్రి, పెట్రోలియం జెల్లీ ఉన్న కంటి లేపనం, నూనె రాసిన జుట్టు ఛాంబర్ గడప దాటకూడదు. సిబ్బందికీ ఇదే నియమం. అవసరమైతే నీటితో కలిసిన కంటిచుక్కలు వాడవచ్చు.

ఉద్యోగి దగ్గర ఉండాల్సిన కాగితం

భారత నౌకాదళంలో 2025 జూలై 18న విశాఖపట్నంలో చేరిన ఐఎన్‌ఎస్ నిస్తార్, హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన నౌక. లోతైన డైవింగ్‌కూ, పీడన చికిత్సకూ అందులో సౌకర్యాలున్నాయి. ఇలాంటి నౌకలు నడిపే నౌకాదళాల్లో డైవర్లకు ముందు నుంచీ ఆరోగ్య రికార్డు ఉంటుంది. కొత్తగా ఛాంబర్ పెట్టుకునే ప్రైవేటు ఆసుపత్రి అదే శ్రద్ధ తన నర్సు మీద పెట్టాలి. చేరేనాటి చూపు కొలత, కటకం స్పష్టంగా ఉందా లేదా అన్న నమోదు, రెటీనా ఫొటో ఒకటి ఉంటే చాలా ప్రశ్నలకు ఏళ్ళ తరువాత సమాధానం దొరుకుతుంది. లేకపోతే చూపు మందగించిన ఉద్యోగికి అది వయసు వల్ల వచ్చిందో పని వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. అతను నష్టపరిహారం అడిగినా రుజువు ఉండదు. ఆ పరీక్షకు అయ్యే ఖర్చు ఛాంబర్ ఖర్చు ముందు లెక్కలోకి వచ్చేది కాదు.

ఉద్యోగి చేయగలిగింది కూడా ఉంది. కంటి ఆపరేషన్‌కు వెళ్ళేటప్పుడు తాను పీడనపు గదిలో పనిచేస్తానని వైద్యుడికి ముందే చెప్పాలి, ఎందుకంటే ఆ మాట చాలామంది సర్జన్లకు తట్టదు. రెటీనా ఆపరేషన్‌లో వాయువు వాడితే, బుడగ పూర్తిగా కరిగిపోయిందని కంటి వైద్యుడు పరీక్షించి రాసిచ్చేదాకా ఛాంబర్ లోపలికి వెళ్ళకూడదు.